ఊరి బాగోగుల లెక్క మనమే ఎలా వేసుకోవాలి

2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం దాదాపు 3 లక్షల 80 వేల రూపాయలని ప్రభుత్వ లెక్క. అంటే నలుగురున్న ఇంటికి ఏడాదికి 15 లక్షల పైనే రావాలి. మర్రిగూడలోనో నారాయణపేట పక్క పల్లెల్లోనో మీకు తెలిసిన పది ఇళ్లు తలుచుకుని చెప్పండి, ఎన్ని ఇళ్లకు అంత వస్తోంది? లెక్క తప్పని నేననడం లేదు. హైదరాబాద్ కంపెనీల సంపాదనా, మన పత్తి చేలో కూలీ ఒకే కుప్పగా పోసి తలకింత అని పంచితే వచ్చే అంకె అది, దాన్ని చూసి మన ఊరు బాగుందో లేదో ఎవరూ చెప్పలేరు. జాతీయాదాయాన్ని లెక్కగట్టే పద్ధతికి అమెరికాలో పునాది వేసిన సైమన్ కుజ్నెట్స్ కూడా 1934లో అక్కడి చట్టసభకు ఇచ్చిన నివేదికలో, ఈ లెక్కతో జనం సుఖంగా ఉన్నారో లేదో తేల్చలేమనే రాశారు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. కష్టం వచ్చి పెట్టిన ఖర్చు కూడా ఆ లెక్కలో ఆదాయంగానే పడుతుంది. మన నల్లగొండ నీళ్లనే తీసుకోండి. బావి నీళ్లు తాగి జనం బాగున్నన్నాళ్లు ఆ నీటికి లెక్కలో విలువే లేదు. బోర్లు లోతుకు పోయి, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారబట్టి, ఎముకలు వంగిపోయి, జనం దవాఖానల చుట్టూ తిరిగి, క్యాన్ నీళ్లు కొనడం మొదలుపెడితే మాత్రం ప్రతి బిల్లూ అభివృద్ధి కిందే జమ. 20 లీటర్ల క్యాన్ పది రూపాయలు, ఇంటికి రోజుకొకటి అనుకోండి. ఏడాదికి 3,650. నాలుగు వందల ఇళ్ల ఊళ్లో సగం ఇళ్లే కొన్నా 7 లక్షల 30 వేలు! మిషన్ భగీరథ నల్లా ఇంటి ముందు ఉండగానే ఇంత డబ్బు పోతోందంటే ఎందుకు పోతోందో అడగాలా వద్దా?

అందుకని నేను చెప్పేది ఒక్కటే పని. మీ ఊళ్లో ఎంత డబ్బు వస్తోందన్నది కాసేపు పక్కనపెట్టి, కష్టం వల్ల ఎంత డబ్బు పోతోందో లెక్క తీయండి. ఆ ఖర్చు తగ్గించడమే ఊరి ప్రణాళికలో మొదటి పని కావాలి. న్యూజిలాండ్ 2019లో జనం శ్రేయస్సు పేరుతోనే బడ్జెట్ పెట్టి మానసిక ఆరోగ్యం, పిల్లల పేదరికం ముందు వరసలో ఉంచింది. మన చేతిలో దేశం బడ్జెట్ లేదు కానీ గ్రామసభ ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అది కనీసం రెండు నెలలకోసారి జరగాలి.

ముందు ఐదారుగురు కలవండి. మహిళా సంఘం నుంచి ఇద్దరు, ఆశా కార్యకర్త, చదువుకుని ఊళ్లోనే ఉన్న ఒక కుర్రాడు, కౌలు రైతు ఒకరు. ఏ పార్టీ నాయకుణ్నీ మొదట్లో పిలవకండి, పిలిస్తే పని అక్కడితో ఆగిపోతుంది. సాయంత్రం పత్తి ఏరి జనం ఇంటికొచ్చాక, ఏడు దాటాక కూర్చోండి. ముఖ్యంగా వాడవాడకూ వేరుగా వెళ్లండి. గుడి దగ్గర రచ్చబండ మీద పెడితే దళితవాడ నుంచి ఎవరూ నోరు విప్పరు, తండా వాళ్లు అసలు రారు. ఆడవాళ్లతో వేరుగా మాట్లాడాలి, మగవాళ్లు పక్కనుంటే తాగుడు ఖర్చు సంగతి బయటికి రాదు.

నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేయించండి. ఇళ్లు, బోర్లు, బడి, అంగన్‌వాడీ, బెల్టు షాపు, అన్నీ. తర్వాత తాళం వేసి ఉన్న ఇళ్ల మీద చింతగింజ పెట్టమనండి. పాలమూరు పల్లెల్లో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే కూలీల్ని వలస పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని పుణెకో ముంబైకో పోయిన వాళ్లు ఏ సభలోనూ ఉండరు. ముసలివాళ్ల దగ్గర వదిలేసిన పిల్లలెందరో ఆ గింజల్ని బట్టే తెలుస్తుంది.

ఇక ప్రశ్నలు. ఆదాయం ఎంత అని అడగొద్దు, ఎవరూ నిజం చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. పోయిన ఏడాదిలో దవాఖానకు ఎంతైంది, దాని కోసం ఏం అమ్మారు, ఎవరి దగ్గర తెచ్చారు, మిత్తి ఎంత? ఇక్కడ కాస్త ఆగి లెక్క గట్టిగా వేయండి. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది, కానీ లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు, అసలు అలాగే ఉంటుంది. ఇంటింటి మిత్తి కలిపి ఆ మొత్తం గట్టిగా చదివితే సభలో ఒక్కసారి నిశ్శబ్దం వస్తుంది. సంఘం ద్వారా బ్యాంకు లోన్ ఎవరికి అందలేదో, ఎందుకు అందలేదో అప్పుడు అడగడం తేలిక.

టైం కూడా అడగండి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సర్వేలో, కూలి లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడితే, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. మీ ఊళ్లో ఆడవాళ్లు ఎన్నింటికి లేస్తారు, నల్లా కోసం ఎంతసేపు కూర్చుంటారు, ఎన్నింటికి నడుం వాలుస్తారు? ఈ ప్రశ్నకు జవాబు చెబుతూ కొందరు ఏడుస్తారు. తొందరపెట్టకండి.

అన్నీ వచ్చాక మూడు కుప్పలు చేయండి: ఊరు తనంతట తాను ఆపగలిగే ఖర్చు, పంచాయతీ ఆపగలిగేది, పైవాళ్లు తప్ప ఎవరూ ఆపలేనిది. పత్తి ధర మూడో కుప్ప, దాని మీద తీర్మానం చేసి పైకి పంపడం తప్ప మార్గం లేదు, కానీ పంపాలి. నీళ్లు రెండో కుప్ప. నల్లా నీళ్లు ఎందుకు తాగడం లేదంటే ట్యాంకు కడగరనో, పైపు లీకనో, ఫ్లోరైడ్ ఇంకా ఉందని భయమనో చెబుతారు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌కు నమూనా పంపించి ఫలితం పంచాయతీ గోడ మీద అంటించండి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు, కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. బాగానే ఉందని తేలితే ట్యాంకు ఎప్పుడు కడిగారో తేదీ రాయించే బాధ్యత ఒకరికి ఇవ్వండి. ఈ చిన్న పనితోనే ఎన్నో ఇళ్లలో క్యాన్ ఖర్చు తగ్గొచ్చు.

గ్రామసభలో అడిగేటప్పుడు నోటిమాటగా అడిగితే లాభం లేదు. ఏం కావాలి, ఎంత, ఎప్పటికి, ఎవరు చేయాలి, అన్నీ కాగితం మీద పెట్టి అడగండి. 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో, తర్వాత భూదానోద్యమం నడిపిన వినోబా భావే ఏం కావాలని అడిగితే, నలభై దళిత కుటుంబాలు తమకు ఎనభై ఎకరాలు కావాలని లెక్కగా చెప్పాయి, ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూమి కావాలని మాత్రమే అని ఉంటే ఏమయ్యేదో!

పంచాయతీ కార్యదర్శి తీర్మానాల రిజిస్టర్‌లో రాసే వరకు లేవకండి, రాసింది చదివించుకోండి, నకలు తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, గ్రామ స్థాయిలో ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఊరి వార్షిక ప్రణాళిక తయారయ్యే లోపే ఈ తీర్మానాలు చేరాలి, లేకపోతే ఇంకో ఏడాది సీసీ రోడ్లకే పోతుంది. సీసీ రోడ్డు వద్దని కాదు, కానీ మిత్తి కట్టలేక నిద్రపట్టని ఇంటి ముందు రోడ్డేస్తే ఆ ఇంటి కష్టం తీరదు కదా.

ఏడాది తర్వాత అవే ఇళ్లకు వెళ్లి అవే ప్రశ్నలు అడగండి. అందుకే మొదటి కాగితాలు పోకూడదు. ఒక కట్ట, ఊళ్లోని మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం బీరువాలో పెట్టించండి, సర్పంచ్ మారినా అవి అక్కడే ఉంటాయి. ఇంటివాళ్ల పేర్లు మాత్రం ఆ కాగితాల మీద రాయకండి, నంబర్లు వేయండి, అప్పుల సంగతి ఊరంతా తెలిస్తే రెండోసారి ఎవరూ తలుపు తీయరు.