వరల్డ్‌కాన్‌కి వెళ్తుంటే ఒక బేతాళ ప్రశ్న పట్టుకెళ్లండి

సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్ అనగానే మనవాళ్లలో చాలామందికి హైదరాబాద్ కామిక్ కాన్ గుర్తొస్తుంది, అంటే వేషాలు, స్టాళ్లు, సెల్ఫీలు. వరల్డ్‌కాన్ వేరే రకం. 1939లో న్యూయార్క్‌లో మొదలై, యుద్ధం వల్ల 1942 నుంచి 1945 దాకా ఆగి, ఆ తర్వాత ఏటా ఏదో ఒక ఊళ్లో జరుగుతూ వస్తున్న పాఠకుల జాతర ఇది, నడిపేది కూడా జీతం లేకుండా పనిచేసే అభిమానులే. 2024లో గ్లాస్గో, 2025లో సియాటిల్, 2026లో లాస్ ఏంజిలిస్ దగ్గర అనాహైమ్. ఇక్కడా వేషాలుంటాయి గానీ జనం ఎక్కువసేపు చేసే పని కూర్చుని వాదించుకోవడం. ఫిలాసఫీ అంటే ఇష్టం ఉండి, ఆ పుస్తకం తెరిస్తే మాత్రం మూడో పేజీకే నిద్రొచ్చే నాలాంటివాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు.

ముందు డబ్బు సంగతి. ఇక్కడ టికెట్ అనరు, మెంబర్‌షిప్ అంటారు, అది రెండు ముక్కలుగా ఉంటుంది. వరల్డ్ సైన్స్ ఫిక్షన్ సొసైటీ సభ్యత్వం 50 డాలర్ల చుట్టుపక్కల, దాంతో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డులకు నామినేషన్ వేయొచ్చు, ఓటేయొచ్చు. స్వయంగా వెళ్లాలంటే దాని మీద ఇంకా కట్టాలి, ఆలస్యం చేసేకొద్దీ అది పెరుగుతుంది. వెళ్లే వీలు లేకపోతే మొదటి ముక్క ఒక్కటే తీసుకుని గుంటూరులో కూర్చుని కూడా ఓటేయొచ్చు. పోటీలో ఉన్న కథలు, నవలలు చాలా ఏళ్లు ఓటర్లకు ఈ-బుక్స్‌గా పంపారు, ప్రచురణకర్తలు ఒప్పుకుంటేనే అనుకోండి. ఓటు కూడా ఒక్కదానికి వేసి ఊరుకోవడం కాదు, 1, 2, 3 అని వరుస ఇవ్వాలి. ఏదీ నచ్చకపోతే అవార్డు ఎవరికీ వద్దు అని వేయడానికి కూడా ఒక గడి ఉంది.

ఇక అసలు తయారీ. లిస్టు పెట్టుకుని ఇరవై నవలలు చదివెయ్యకండి, ఒక్క కథ చాలు. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1973లో రాసిన ఒమెలాస్ కథ తీసుకోండి, అరగంటలో అయిపోతుంది, మరుసటి ఏడాది హ్యూగో కూడా వచ్చింది దానికి. ఊరంతా సుఖంగా ఉండాలంటే ఒక బిడ్డ చీకటి గదిలో మగ్గాలి, అదీ షరతు. ఈ ఆలోచన విలియం జేమ్స్ అనే తత్వవేత్త దగ్గర ముందే ఉంది, ఆ మాట ఆవిడే కథ పేరు కింద ఒప్పుకుంది. కానీ జేమ్స్‌ది చదివితే తల ఊపి పక్కన పెడతాం. లె గ్విన్ కథలో ఆ బిడ్డకు మూలన నిలబెట్టిన మాప్ కర్రలంటే భయం, వాళ్లమ్మ గొంతు ఇంకా గుర్తుంది. ఆ మాప్ కర్రలు దాటి ముందుకెళ్లడం కష్టం.

చదివాక కాగితం మీద ఆ షరతు ఒక్క వాక్యంలో రాయండి. తర్వాత అందులో ఒకే ఒక్కటి మార్చి చూడండి. ఆ బిడ్డ మీ బిడ్డయితే? ఊళ్లో ఎవరికీ తెలియకపోతే? మీ సమాధానం ఎక్కడ మారిందో అక్కడ ఆగండి, కన్వెన్షన్‌కి తీసుకెళ్లాల్సిన ప్రశ్న అదే.

అక్కడ ఒకే గంటలో పది హాళ్లలో పది ప్యానెళ్లు నడుస్తుంటాయి. నా మొదటి కన్వెన్షన్‌లో రోజుకు ఏడు చొప్పున పరిగెత్తి, మూడో రోజుకి గొంతు పోయి, హోటల్ గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. రోజుకు మూడు చాలు. పేరు చూసి మోసపోకండి, 'కృత్రిమ మేధ, నైతికత' లాంటి పెద్ద పేర్లున్న వాటిలో అందరూ అందరికీ తెలిసిందే చెబుతారు, చిన్న గదిలో ఒకే కథను పట్టుకుని కొట్టుకునేవే నాకు పనికొచ్చాయి. టేబుల్ టాక్ అని ఇంకోటి ఉంటుంది, ఒక రచయిత చుట్టూ పదిమంది లోపే కూర్చుంటారు, పేర్లు నమోదు మొదలవగానే వెళ్లండి, నిమిషాల్లో నిండిపోతుంది. పాత కాపులు చెప్పే 5-2-1 లెక్క కూడా పాటించండి: రోజుకు కనీసం 5 గంటల నిద్ర, 2 పూటల తిండి, 1 స్నానం. మూడోది పక్కవాళ్ల కోసం.

ప్రశ్నల టైములో ఉపన్యాసం ఇవ్వొద్దు, రెండు వాక్యాల్లో అడిగి కూర్చోండి. ఇంగ్లిష్ పుస్తకాలు తక్కువ చదివామని టెన్షన్ కూడా వద్దు, మన దగ్గర సరుకు ఉంది. ఒకసారి టెలిపోర్టర్ మీద చర్చ జరుగుతోంది: ఇక్కడి శరీరాన్ని చెరిపేసి మార్స్ మీద అచ్చం అలాగే తయారుచేస్తే, లేచింది నేనేనా? నేను చెయ్యెత్తి తలలు మారిన బేతాళ కథ చెప్పాను, భర్త తల తన అన్న మొండేనికి, అన్న తల భర్త మొండేనికి అతికించిన అమ్మాయి కథ, ఇప్పుడు ఆమె భర్త ఎవరు అని. ముందు వరసలో స్వెటర్ అల్లుతున్న పెద్దావిడ సూదులు ఆపేసింది. ప్యానెల్ అయ్యాక నన్ను కారిడార్‌లో పట్టుకుంది. రాజు ఏం చెప్పాడని అడిగింది. తల ఎవరిదైతే వాడే భర్త అన్నాడని చెప్పాను. మరి సమాధానం సరైనదేనా అంది. సరైనదేనండీ, కానీ మౌనం పోయింది కదా, బేతాళుడు మళ్లీ చెట్టెక్కాడు అన్నాను. అక్కడే కార్పెట్ మీద కూర్చుని, అన్న చేతులతో భర్త ముట్టుకుంటే ఆ అమ్మాయికి ఎలా ఉంటుందో రాజు ఆలోచించాడా అని మొదలుపెట్టింది. రాత్రి 11 దాటాక లేచాం.

పుస్తకాలు చివరిరోజు మధ్యాహ్నం కొనండి. డీలర్స్ రూమ్‌లో అమ్మేవాళ్లు పెట్టెలు తిరిగి మోసుకెళ్లే బాధ తప్పుతుందని ఒక్కోసారి ధర తగ్గిస్తారు. సూట్‌కేసులో ముందే కాస్త చోటు వదిలిపెట్టుకోండి.