సాకి కథను మన మాటల్ల పిల్లలకు చెప్పుడెట్ల

మిర్యాలగూడ దిక్కు ఒక సర్కారు బడిల 22 ఏండ్లు ఇంగ్లీషు చెప్పి, రిటైరై ఇంటికాడ ఉంటున్న. ఆదివారం పొద్దుగూకంగ వాడకట్టు పిల్లలు పదిమందో పన్నెండుమందో మా అరుగు మీదికి వస్తరు. వాళ్లకు నేను ఎక్కువ చెప్పేటివి సాకి అనే ఇంగ్లీషు రచయిత కథలే. ‘ఇంగ్లీషోళ్ల కథలు మా పిల్లలకు ఎట్ల ఎక్కుతున్నయి టీచరమ్మా’ అని తల్లులు అడుగుతుంటరు. కొత్తగ నౌకరిల చేరిన టీచర్లు కూడా అడిగిండ్రు. నేను చేసే తీరు రాస్తున్న.

సాకి అసలు పేరు హెక్టర్ హ్యూ మన్రో. 1870 సంవత్సరంల బర్మాల పుట్టిండు. తల్లి చిన్నప్పుడే పోతే ఇంగ్లండుల మేనత్తల చేతికింద పెరిగిండు. ఆయన కథల్ల పెద్దోళ్ల మీద పిల్లలు గెలిచేది అందుకేనని నాకనిపిస్తది. మొదటి ప్రపంచ యుద్ధం రాంగనే 43 ఏండ్ల వయసుల మామూలు సిపాయిగ చేరి, 1916 నవంబరుల ఫ్రాన్సుల తుపాకి గుండుకు చచ్చిపోయిండు. నేను వాడేది 1914ల అచ్చయిన ‘బీస్ట్స్ అండ్ సూపర్-బీస్ట్స్’. అండ్ల 36 కథలున్నయి. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే పాత పుస్తకాల వెబ్‌సైటుల పైసలు లేకుండ దొరుకుతది, ఫోన్లనే చదువుకోవచ్చు.

మొదలు ‘ది స్టోరీ-టెల్లర్’ పట్టుకోండ్రి. ఎండకాలం, రైలుపెట్టె, ఇద్దరాడపిల్లలు, ఒక పిలగాడు, వాళ్ల మేనత్త. తర్వాతి టేషను ఇంకో గంట దూరం. మేనత్త ఒక సప్పటి నీతికథ చెప్తది, పిల్లలకు నచ్చది. ఎదురుంగ కూసున్న పెండ్లిగాని మనిషి ఇంకో కథ అందుకుంటడు. బెర్తా అనే పిల్ల శానా మంచిది. మాట వింటదని, టైముకొస్తదని, నడత మంచిదని మూడు మెడల్స్ ఇచ్చిండ్రు. ఆ మెడల్సే ఆమె ప్రాణం తీస్తయి.

కథను మూడుసార్లు చదివి పుస్తకం మూసేయాలె. నేను బియ్యంల రాళ్లు ఏరుకుంట పైకే చెప్పుకుంట. నోరు యాడ తడబడితే ఆడ మళ్ల చదువుత. పుస్తకం చేతుల పట్టుకొని తర్జుమా చేసుకుంట పోతే పిల్లలు పది నిమిషాలు కూడా కూసోరు.

పేర్లు, ఊర్లు మార్చొద్దు. బెర్తాను భారతమ్మ చేస్తే కథ మనదైపోదు. రైలుపెట్టెల ఉక్కపోత ఎట్లుంటదో మటుకు మన దిక్కు నుంచే తెచ్చుకోవాలె. ‘ఏప్రిల్ల మధ్యాహ్నం నల్లగొండల ప్యాసింజరెక్కి, సీటు కాలుతుంటే కూసున్నట్టు’ అంటే చాలు, వాళ్లు ఆ పెట్టెల ఉంటరు.

ఒక మాట దగ్గర జర ఆగాలె. ఆ మనిషి బెర్తాను ‘ఘోరమైన మంచిపిల్ల’ అంటడు. ‘చాలా మంచిపిల్ల’ అని సాపు చేయొద్దు. ఆ ఒక్క మాటకే రైల్ల పిల్లలు చెవులు రిక్కిస్తరు, మన పిల్లలు కూడా గంతే.

ఆమె రాజకుమారుని తోటలకు పోతది. ఆడ పందులున్నయి, గొర్లు లేవు. మా వాడల గొల్లకుర్మలోళ్ల పిల్లలు ఆడనే అడ్డుపడతరు, ‘గొర్లెందుకు లేవు టీచర్?’ అని. రైల్ల పిల్లలు కూడా గదే అడుగుతరు. జవాబు ఎంత నిబ్బరంగ చెప్తే అంత మంచిది: కొడుకు గొర్రె చేతులనో, గడియారం మీద పడో చస్తడని రాజకుమారుని తల్లికి కల పడ్డది, అందుకే తోటల గొర్రె లేదు, మహల్ల గడియారం లేదు. చెప్పేటప్పుడు నేను నవ్వను. చెప్పేటోళ్లు ముందుగాల నవ్వితే పిల్లలకు నవ్వు మిగలదు.

మెడల్స్ కోసం కొంగుకు మూడు తాళంచెవులు కట్టుకుంట. బెర్తా తోటల తిరిగేటప్పుడు ఒకసారి మెల్లగ ఆడిస్త, తర్వాత పిడికిట్ల దాస్త. బురదరంగు తోడేలు నల్ల నాలుక ఏలాడేసుకొని వస్తది. బెర్తా గుప్పున వాసనొచ్చే పొదలల్ల దాక్కుంటది. వాసనకు తోడేలుకు జాడ దొరకది, పోయి పందిపిల్లను పట్టుకుందామనుకుంటది. గీడ గొంతు తగ్గించి, శానాసేపు ఊకోవాలె. ఊ కొట్టేందుకు పెట్టుకున్న పిలగాడు కూడా ఊ కొట్టుడు మరిచిపోతడు. బెర్తా వణుకుతది. అప్పుడు తాళంచెవులు ఒక్కసారే గల్లుమనాలె.

బూట్లు, గుడ్డపేలికలు, మూడు మెడల్స్ మిగిలినయి. ఆడికి ఆపేయాలె. మొదటిసారి చెప్పినప్పుడు నేను ఆపలేదు. ‘అందుకే గొప్పలకు పోవద్దు’ అని ఒక నీతి తగిలించిన. ఏడో తరగతి పిల్ల ఒకతె నా దిక్కు చూసి, ‘కథల మేనత్త కూడా గిట్లనే చెప్పింది టీచర్’ అన్నది. అప్పటిసంది నీతి చెప్పలేదు.

ఎనిమిదో తరగతి దాటినోళ్లకు ‘ది ఓపెన్ విండో’ చెప్పొచ్చు. మసక చీకట్ల, తెరిచిన తలుపు దగ్గర కూసోబెట్టాలె. ఉల్లంకి పిట్టల వేటకు పోయి ఊబిల దిగబడ్డోళ్ల ముచ్చట, పానగల్లు చెరువు అంచుకు బురద చూసినోళ్లకు విడమర్చి చెప్పే పని లేదు. ఇది ఇంటికొచ్చిన కొత్త మనిషికి కథల ఒక పిల్ల ఆడే అబద్ధం, దాన్ని నిజం చెప్పిన గొంతుతోనే చెప్పాలె. చివరికి గంగ ఒడ్డున ఊరకుక్కలు తరిమితే అప్పుడే తవ్విన గోరీల రాత్రంత పండుకున్న మనిషి ముచ్చటొకటి ఆ పిల్లనే చెప్తది, దాన్ని తొందరపడి దాటొద్దు. అప్పటికప్పుడు కథలల్లుడు ఆ పిల్లకు వెన్నతో పెట్టిన విద్యని ఒక్క ముక్కల చెప్పి లేవాలె.

‘ది లంబర్ రూమ్’ అనే ఇంకో కథ పేరును సామాన్ల అర్ర అని చెప్పుకోవచ్చు. అండ్ల నీళ్ల హౌజుల పడ్డ మేనత్త కాడ పొట్టచెక్కలైతది.

వచ్చే ఆదివారం తాళంచెవులు ఒక పిల్ల చేతికిచ్చి బెర్తా కథ చెప్పమంట. పొదలకాడికి రాకముందే గల్లుమనిపించొద్దని మటుకు ముందే చెప్పి ఇస్త.