టెక్సాస్‌లోని తెలుగు తల్లిదండ్రులకు: పిల్లల చెవి మిషన్లకు ఇన్సూరెన్స్ రాబట్టుకునే పద్ధతి

అమెరికాలో పుట్టిన బిడ్డకు సాధారణంగా ఆసుపత్రి నుంచి ఇంటికి పంపకముందే వినికిడి పరీక్ష చేస్తారు. అందులో అనుమానం వచ్చి, తరువాత బిడ్డ నిద్రపోతుండగా తలకు తీగలు అంటించి చేసే ఏబీఆర్ పరీక్షలో లోపం ఖాయమైతే, ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణులు, ముందుగా చెప్పే అంకెలు ఒకటి, మూడు, ఆరు. నెల లోపు తొలి పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు మిషన్లూ శిక్షణా మొదలు కావాలన్నది వాటి అర్థం. మా పాప విషయం తెలిసినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు "కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయిలే, కంగారు పడకండమ్మా" అన్నారు. ప్రేమతోనే అన్నారు గానీ, మాట వినపడకుండా గడిచిన నెలలు తిరిగి రావు. కాబట్టి ఇన్సూరెన్స్ తేలేదాకా మిషన్లు ఆపవద్దు. ఈలోగా వాడుకోవడానికి లోనర్ మిషన్లు ఇస్తారేమో ఆడియాలజిస్టును మొదటి రోజే అడగండి. బిడ్డ పుట్టిన 30 రోజుల్లోగా ఆఫీసు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ప్లానులో పేరు చేర్పిస్తే కవరేజీ పుట్టిన రోజు నుంచే లెక్కకు వస్తుంది. ఆ గడువు మాత్రం దాటనివ్వకండి.

ఇక అసలు విషయానికి వద్దాం. 18 ఏళ్లు, అంతకు లోపు వయసున్న వారికి వైద్యపరంగా అవసరమైన వినికిడి యంత్రాలకూ ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్లకూ ఇన్సూరెన్స్ చెల్లించాలని టెక్సాస్ శాసనసభ 2017లో చట్టం చేసింది. చెవికి ఒకటి చొప్పున మూడేళ్లకొకసారి మిషను, దాన్ని అమర్చే రుసుము, మిషను చెవిలో కుదురుకోవడానికి అవసరమైన ఇయర్ మోల్డులు కూడా అందులోకి వస్తాయి. ఇది చదివి ఊరట చెందిన తల్లిదండ్రులలో చాలామందికి, ముఖ్యంగా పెద్ద కంపెనీలలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారికి, తమ ప్లానుకు ఆ చట్టమే వర్తించదని క్లెయిము తిరిగొచ్చాక గాని తెలియదు. పెద్ద కంపెనీల ప్లానులు ఎక్కువగా సెల్ఫ్ ఫండెడ్ తరహావి. కార్డు మీద పేరున్న ఇన్సూరెన్స్ సంస్థ అక్కడ లెక్కలు చూసి పెడుతుందే తప్ప, వైద్యఖర్చు భరించేది యజమానే. ఇటువంటి ప్లానులను 1974 నాటి ఎరిసా అనే కేంద్ర చట్టం నడిపిస్తుంది. రాష్ట్రాల ఇన్సూరెన్స్ చట్టాలు వాటిని తాకలేవు. న్యూజెర్సీలో 2008లో పిల్లల వినికిడి యంత్రాల కోసం వచ్చిన చట్టానికీ ఇదే పరిమితి ఉంది.

అందువల్ల మిషన్లకు కవరేజీ ఉందా అని అడగడానికి ముందే, మా ప్లాను డబ్బు ఎవరిది అని అడగాలి. ఇన్సూరెన్స్ కార్డు తీసి చూడండి. దాని మీద టీడీఐ అనో డీఓఐ అనో ఇంగ్లిషు అక్షరాలు ఉంటే అది టెక్సాస్ ఇన్సూరెన్స్ శాఖ అదుపులో ఉండే ప్లాను, రాష్ట్ర చట్టాన్ని ధైర్యంగా చూపించవచ్చు. ఆ అక్షరాలు లేకపోతే హెచ్.ఆర్.లో బెనిఫిట్స్ చూసేవారికి ఒక్క వాక్యం ఈమెయిల్ పంపండి: మన ప్లాను ఫుల్లీ ఇన్సూర్డా, సెల్ఫ్ ఫండెడా? ఫుల్లీ ఇన్సూర్డ్ అంటే ఖర్చు ఇన్సూరెన్స్ సంస్థే భరించే ప్లాను. జవాబు రాతపూర్వకంగా రావాలి.

ఆ ఈమెయిల్‌లోనే సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అనే పూర్తి పుస్తకాన్ని కూడా అడగండి. నాలుగు పేజీల రంగుల కరపత్రం సరిపోదు. పుస్తకం చేతికి రాగానే హియరింగ్ అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి, కవరేజీ అధ్యాయంతో పాటు వెనకవైపు ఉండే ఎక్స్‌క్లూజన్ల (ప్లాను చెల్లించని వాటి) అధ్యాయాన్ని తప్పకుండా చదవండి, ఎందుకంటే ముందు పేజీలలో ఇచ్చినట్టు కనిపించినదాన్ని ఆ అధ్యాయం తిరిగి తీసేసుకోవచ్చు. వయసు పరిమితి, ఎన్నేళ్లకొకసారి ఇస్తారు, గరిష్ఠ మొత్తం చెవికి ఇంతా లేక రెండు చెవులకు కలిపి ఇంతా, డిడక్టిబుల్ (ప్లాను చెల్లించడం మొదలుపెట్టేలోగా మనం భరించే మొత్తం) ముందు కట్టాలా అన్నవి రాసిపెట్టుకోండి. ఇయర్ మోల్డులకు విడిగా పరిమితి ఉందేమో కూడా చూడండి, దీని సంగతి చివర చెబుతాను.

తరువాతి పని ఫోను. బిల్లులో వాడే కోడ్లు లేకుండా ఫోను చేస్తే ఉపయోగం ఉండదు. మిషన్లు కవర్ అవుతాయా అని నేను అడిగినప్పుడు అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా అవుతాయని చెప్పింది, ఆ మాట నమ్మి మేము పెట్టిన క్లెయిము ఆరు వారాల తరువాత పైసా రాకుండా తిరిగొచ్చింది. ఆమె చూసినది వినికిడి పరీక్షల కవరేజీ. రెండోసారి ఆడియాలజిస్టు దగ్గర కోడ్లు రాయించుకుని అడిగాను: రెండు చెవులకు, చెవి వెనక పెట్టే డిజిటల్ మిషన్లకు వి5261, మోల్డుకు వి5264, రెండు చెవుల అమరిక రుసుముకు వి5160, రోగనిర్ధారణ కోడు హెచ్90.3, అంటే రెండు చెవులలోనూ నరాల సంబంధమైన లోపం. మీ బిడ్డ లోపం వేరే రకమైతే కోడు కూడా వేరుగా ఉంటుంది. ఒక్కొక్క కోడుకు విడిగా జవాబు తీసుకుని, మాట్లాడినవారి పేరు, తేదీ, కాల్ రిఫరెన్స్ నంబరు రాసుకోండి.

అదే ఫోనులో నెట్‌వర్క్ (ప్లానుతో ఒప్పందమున్న వైద్యుల జాబితా) సంగతి కూడా తేల్చుకోండి. పరీక్షలు చేసిన పిల్లల ఆడియాలజిస్టు నెట్‌వర్క్‌లో ఉన్నా, మిషన్లు మాత్రం వేరే ఒక కంపెనీ ద్వారానే కొనాలని కొన్ని ప్లానులు షరతు పెడతాయి. ఆ కంపెనీ జాబితాలో పెద్దవాళ్లకు మిషన్లు అమ్మేవారే ఉండి, పసిపిల్లలకు అమర్చగలిగినవారు దగ్గరలో ఒక్కరూ లేకపోవచ్చు. అలాంటప్పుడు గ్యాప్ ఎక్సెప్షన్ కావాలని అడగండి, అంటే నెట్‌వర్క్‌లో తగినవారు లేరు కనుక బయటివారికి కూడా నెట్‌వర్క్ రేటునే చెల్లించమని కోరడం. చివరిగా ప్రయర్ ఆథరైజేషన్ అడిగి, అనుమతి పత్రం చేతికి వచ్చాకే కొనండి. డాక్టరు రాసే అవసర పత్రంలో ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష పటం)లోని డెసిబెల్ అంకెలు, మిషన్లు లేకపోతే మాట నేర్చుకోవడంలో ఏం నష్టపోతుందో, రెండు చెవులకూ ఎందుకు కావాలో స్పష్టంగా ఉండాలి. బిల్లును కూడా మిషను, మోల్డు, అమరిక విడివిడిగా వేయమని అడగండి. అంతా కలిపి ఒకే మొత్తంగా వేస్తే, రావలసిన భాగం కూడా రాకుండా పోవచ్చు.

నిరాకరణ లేఖ వస్తే కుంగిపోకుండా కారణం చదవండి, దాన్ని బట్టే తరువాతి దారి ఉంటుంది. వైద్యపరంగా అవసరం కాదన్నారంటే అప్పీలు చేయండి. లేఖ అందిన 180 రోజుల్లోగా ప్లానుకే ఇంటర్నల్ అప్పీలు పెట్టవచ్చు, అదీ పోతే తుది నిరాకరణ వచ్చిన నాలుగు నెలల్లోగా బయటి నిపుణుల చేత ఎక్స్‌టర్నల్ రివ్యూ అడగవచ్చు. కానీ మీ ప్లానులో ఈ సౌకర్యమే లేదన్నది కారణమైతే, ఎన్ని మెడికల్ పత్రాలు జోడించినా ఫలితం ఉండదు, వైద్యంతో సంబంధం లేని అలాంటి ఎక్స్‌క్లూజన్ల మీద ఎక్స్‌టర్నల్ రివ్యూకు సాధారణంగా అవకాశం లేదు. అక్కడ ఉత్తరం వెళ్లవలసింది యజమానికి. సెల్ఫ్ ఫండెడ్ ప్లానులో ఏముండాలో నిర్ణయించేది యజమానే కనుక, మార్చగలిగేది కూడా యజమానే. కంపెనీలో ఇటువంటి పిల్లలున్న మరో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులను కలుపుకుని, రాష్ట్ర చట్టం ఇస్తున్న కవరేజీనే మనమూ ఇద్దామని హెచ్.ఆర్.కు రాయండి. వచ్చే ఏడాది ప్లాను ఖరారయ్యేది శరదృతువులో ఉద్యోగులు ప్లాను ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ కన్నా చాలా ముందే కాబట్టి ఆ ఉత్తరం వసంతంలోనే వెళ్లాలి. అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. ఇది దయ చూపమని కోరడం కాదు, ఉద్యోగి హోదాలో ప్లాను గురించి మాట్లాడడమే.

భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలుంటే రెండు ప్లానుల పుస్తకాలూ పోల్చి చూడండి. బిడ్డ రెండింటిలోనూ ఉంటే, సంవత్సరంలో ఎవరి పుట్టినరోజు ముందు వస్తుందో వారి ప్లాను మొదట చెల్లిస్తుంది. ఏ ప్లానూ ఇవ్వకపోయినా మిషన్లనూ బ్యాటరీలనూ ఎఫ్ఎస్ఏ, హెచ్ఎస్ఏ అనే వైద్యఖర్చుల ఖాతాల సొమ్ముతో పన్ను లేకుండా కొనవచ్చు. ఎఫ్ఎస్ఏలో ఏడాదికి ఒప్పుకున్న మొత్తమంతా మొదటి రోజు నుంచే వాడుకోవచ్చు, హెచ్ఎస్ఏలో జమ అయినంతే. ఉద్యోగం పోయి ఆదాయం తగ్గితే తక్కువ ఆదాయం వారికి ప్రభుత్వం ఇచ్చే మెడికెయిడ్‌కు దరఖాస్తు పెట్టండి. అందులో ఉన్న 21 ఏళ్ల లోపు పిల్లలకు అవసరమైన వినికిడి యంత్రాలు ఇవ్వాలని కేంద్ర చట్టమే చెబుతోంది. మూడేళ్ల లోపు పిల్లల శిక్షణకు ఈసీఐ అనే రాష్ట్ర కార్యక్రమం ఇంటికే వచ్చి సాయం చేస్తుంది.

హైదరాబాదు వెళ్లినప్పుడు చవకగా కొనుక్కొస్తే సరిపోదా అని బంధువులు అడుగుతారు. కొన్న దేశం దాటితే వారంటీ సాధారణంగా పనిచేయదు, పసిబిడ్డ మిషన్లను ఏడాదిలో ఎన్నోసార్లు సరిచేయవలసి ఉంటుంది కనుక నేనైతే వద్దంటాను. ఇక్కడి దుకాణాలలో చీటీ లేకుండా దొరికే ఓటీసీ మిషన్లు 18 ఏళ్లు నిండినవారికే. అవి పిల్లలకు పెట్టకూడదు.

ఇప్పుడు మోల్డుల సంగతి. మెత్తని ముద్ద చెవిలో నింపి, గట్టిపడ్డాక తీసిన అచ్చుతో చెవికి సరిపోయే మోల్డు చేస్తారు. మా పాపకు మొదటిది రెండు నెలలకే వదులైంది. ఎత్తుకుని గుండెకు ఆనించుకోగానే మిషను కీచుమని ఈల వేసేది. ఆ ఈల వినిపిస్తే చెవి పెరిగిందని, కొత్త మోల్డు కావాలని అర్థం. మొదటి ఏడాది ఇలా ఎన్నోసార్లు మార్చవలసి వస్తుంది. అందుకే మూడేళ్ల నియమం మిషనుకా, మోల్డుకు కూడానా అన్నది ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. మిషన్లు పోయినా పాడైనా కొత్తవి ఇచ్చే వారంటీ ఉందేమో, ఎన్నాళ్లో, ఎన్నిసార్లో కొన్న రోజే అడిగి ఆ తేదీని ఫోను క్యాలెండరులో పెట్టుకోండి. అది ముగియడానికి నెల ముందు రెండు మిషన్లనూ తనిఖీకి ఇవ్వండి.