సంక్రాంతి పిండివంటలు: గోధుమ పడనివారు, అలర్జీ ఉన్నవారు ఇంటికి వస్తుంటే

సంక్రాంతికి కూతురూ అల్లుడూ వస్తున్నారంటే గోదావరి జిల్లాల ఇళ్ళలో ధనుర్మాసం సగమయ్యేసరికే బియ్యం నానడం మొదలవుతుంది. వచ్చేవారిలో ఒకరికి గోధుమ పడదనో, వేరుశనగ తింటే పెదవులు వాస్తాయనో కబురు వస్తే, ఈసారి వంటలన్నీ మార్చాలి కాబోలని ఇల్లాలు బెంగపడుతుంది. మార్చవలసింది చాలా తక్కువ. డెల్టా వరి పండే నేల. అరిసెలు, పాకుండలు, చలిమిడి, బూరెలు, జంతికలు, గారెలు, పులిహోర, పొట్టిక్కలు, దిబ్బరొట్టె, వీటిలో దేనికీ గోధుమతో పని లేదు. మన తాతల నాటి వంటలో ప్రమాదం పిండిమర దగ్గర, ఇంగువ డబ్బాలో, నూనె మూకుడులో దాగి ఉంటుంది. ‘ఒక్కటి తింటే ఏమీ కాదులే’ అనే ఆప్యాయతలో ఇంకా ఎక్కువ ఉంటుంది.

అందుకే పొయ్యి వెలిగించే ముందు చేయవలసిన పని ఫోను చేయడం. ‘గోధుమ పడదు’ అనే మాట వెనుక రెండు వేరు వేరు సంగతులు ఉండవచ్చు. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తి లోపలికి వెళితే, శరీర రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్న వెంటనే పైకి ఏమీ కనిపించకపోవచ్చు. ‘మొన్న పెడితే బాగానే ఉన్నాడుగా’ అన్న వాదన అందుకే చెల్లదు. గోధుమ అలర్జీ అలా కాదు, నిమిషాల్లోనో గంట రెండు గంటల్లోనో దద్దుర్లు, వాపు, ఆయాసం వస్తాయి. మొదటివారికి జీవితాంతం ఒక్క రవ్వ కూడా కూడదు. రెండోవారికి ప్రాణం మీదికి వచ్చే అవకాశం ఉంది. కాబట్టి ఏ ఇబ్బంది, ఎంత తింటే వస్తుంది, ఏ మందు వెంట ఉంటుంది, ఈ మూడూ నేరుగా ఆ మనిషినే అడగండి. కొత్త అల్లుడైతే మొహమాటపడి ‘ఫరవాలేదండీ’ అంటాడు. అతని తల్లిని అడగండి.

ఇంట్లో ఎవరికైనా సీలియాక్ ఉందేమోనన్న అనుమానం మాత్రమే ఉంటే, పరీక్షకు ముందే గోధుమ మాన్పించకండి. గోధుమ తింటూ ఉన్నప్పుడు చేస్తేనే రక్తపరీక్షా పేగు ముక్క పరీక్షా సరిగ్గా చెబుతాయి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా లేనట్టు చూపించవచ్చు. బరువు తగ్గాలనీ, ఎవరో మానేశారనీ గోధుమ వదిలేయడం వేరే సరదా, ఆ గొడవ ఇక్కడ వద్దు.

మరా, జల్లెడా, మూకుడూ

ప్యాకెట్టు మీద ‘గ్లూటెన్ లేనిది’ అని వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని మన దేశపు ఆహార భద్రతా నిబంధన. గోధుమ పిండిలో ఇంచుమించు పదో వంతు గ్లూటెన్ ఉంటుంది కనుక, కిలో బియ్యప్పిండిలో చిటికెడు గోధుమ పిండి కలిసినా ఆ హద్దు దాటిపోతుంది. ఇప్పుడు ఊళ్ళో పిండిమరను తలుచుకోండి. పొద్దున ఎవరో గోధుమలు ఆడించుకు వెళతారు, తరువాత మన బియ్యం పోస్తారు. రాళ్ళ సందుల్లో, గుడ్డ గొట్టంలో మిగిలినదంతా మన పిండిలోకే వస్తుంది. ముందు కాసిని బియ్యం పోసి మర కడిగించామని కొందరు చెబుతారు. అలర్జీ తక్కువగా ఉన్నవారికి అది సరిపోతుందేమో గానీ సీలియాక్ ఉన్నవారి విషయంలో నేను దాన్ని నమ్మను. పండుగ రోజుల్లో తడి బియ్యానికే విడిగా మర నడిపే చోట్లు ఉంటే అక్కడికి వెళ్ళండి, అదీ ఏడాది పొడుగునా బియ్యమే ఆడుతుందో లేదో అడిగి మరీ. లేదంటే ఆ ఒక్కరి కోసం రెండు శేర్ల బియ్యం నానబెట్టి, నీళ్ళు ఓడ్చి, గుడ్డ మీద చెమ్మ ఆరనిచ్చి మిక్సీలో పట్టుకోవడమే తేలిక. రోలూ రోకలీ ఉన్న ఇల్లయితే మరీ మంచిది.

జల్లెడ సంగతి చాలామందికి తట్టదు. మైదా జల్లించిన జల్లెడ అల్లికలో పిండి ఇరుక్కుని ఉంటుంది, ఎంత కడిగినా మొత్తం పోదు. కొత్త జల్లెడ కొని దానికి రంగు దారం కట్టండి. చపాతీ పీటా, అప్పడాల కర్రా, చెక్క గరిటెలూ అంతే, చెక్క పీల్చుకుంటుంది. స్టీలు గిన్నెలు, జంతికల గొట్టం అయితే బాగా తోమి కడిగితే చాలు. చపాతీలు కాల్చే ఇనప పెనం మీద ఆ అతిథికి అట్టు వేయకండి.

నూనె మరుగుతోంది కదా, అందులో ఏదైనా మాడిపోతుందని అనుకుంటారు. గ్లూటెన్ వేడికి పోదు. వేరుశనగలో, రొయ్యలో అలర్జీ తెచ్చే మాంసకృత్తులూ వేపుడుతో పోవు. గవ్వలు వేయించిన మూకుడులోనే జంతికలు వేస్తే అవి గవ్వల జంతికలే. వరుస మార్చండి: కొత్త నూనెతో ముందు ఆ అతిథికి కావలసినవి వేయించి, చల్లార్చి, డబ్బాలో పెట్టి మూత బిగించాక మిగతా వంటలు మొదలుపెట్టండి. ఒకే రోజు మైదా పనీ బియ్యప్పిండి పనీ పెట్టుకోకపోతే ఇంకా మంచిది. గాలిలో ఎగిరే మైదా ఎక్కడ వాలుతుందో మీ చేతిలో లేదు.

అరిసెలు

వీటి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అరిసె దొంగచాటుగా మోసం చేస్తుంది. బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి, పైన నువ్వులు, చూడటానికి అమాయకమైన వంట. కానీ పాకం లేతగా దిగి చలిమిడి జారిపోతే, చేతికి తడి పిండి అయిపోయి ఉంటే, గట్టిపడటానికి రెండు గుప్పెళ్ళు గోధుమ పిండి కలపడం మన వంటిళ్ళలో పాత అలవాటు. కలిపిన పిన్నిగారికి అది చెప్పుకోదగ్గ విషయంగా కూడా తోచదు. ముందుగానే గిద్దెడు పొడి బియ్యప్పిండి పక్కన పెట్టి, జారితే ఇదే కలపాలని పాకం పట్టేవారికి చెప్పి ఉంచండి. గారెల పిండి పలచబడితే ఒక చెంచా మైదాయో బొంబాయి రవ్వో వేయడం కూడా ఈ కోవలోదే. కనుమ నాడు మినుములు తినాలంటాం, కాబట్టి పిండి రుబ్బేటప్పుడే నీళ్ళు తక్కువ పోసుకోండి.

రెండో చిక్కు అరిసెల చెక్కలు. నూనె పిండే ఆ చెక్కలు వీధిలో నాలుగిళ్ళు తిరుగుతాయి, గాళ్ళలో ఎప్పటివో నువ్వులు ఇరుక్కుని ఉంటాయి. నువ్వుల అలర్జీ ఉన్నవారి అరిసెలను రెండు స్టీలు గరిటెల మధ్య నొక్కండి. నువ్వుల బదులు గసగసాలు అద్దుదామనే ఆలోచన మానండి, ఆ రెండిటికీ కలిపి అలర్జీ ఉన్నవారు కొందరుంటారు. ఉత్త అరిసె బాగానే ఉంటుంది. ఆవకాయలో, కొన్ని పోపుల్లో పడే పప్పునూనె నువ్వుల నూనేనని పట్నం అల్లుడికి తెలియకపోవచ్చు, మీరే చెప్పాలి. నువ్వులను 2020 నాటి మన లేబుల్ నిబంధనల అలర్జీ జాబితాలో చేర్చలేదు. కనుక కొన్న పొడుల మీద హెచ్చరిక లేదని ధైర్యపడకుండా దినుసుల వరుస మొత్తం చదవండి.

ఇంగువా, రవ్వా

పులిహోరలో గోధుమ ఎక్కడిది అనుకుంటాం. ఇంగువలో. బజారులో దొరికే ఇంగువ పొడి ఉత్త ఇంగువ కాదు, జిగురుతో పాటు చాలా రకాల్లో గోధుమ పిండో మైదానో కలిపి చేస్తారు. ముద్ద ఇంగువలోనూ ఉండవచ్చు. బియ్యప్పిండితో చేసినవీ దొరుకుతాయి, డబ్బా వెనుక చూసి కొనాలి. దొరకకపోతే మానేయండి: చారుకు జీలకర్ర, కరివేపాకు, వెల్లుల్లి తినేవారైతే రెండు రెబ్బలు. పనసపొట్టు కూరకు ఆవ ఘాటే చాలు, కానీ అక్కడ ఆవాల అలర్జీ ఉందో లేదో అడగాలి. కొన్న అప్పడాలు, సాంబారు పొడి, చారు పొడి, పాత ఆవకాయ, అన్నిటిలోనూ ఇంగువ ప్రశ్న ఉంటుంది.

బొంబాయి రవ్వ గోధుమే. సేమ్యా సాధారణంగా గోధుమే. ‘చపాతీ పెట్టలేదు, ఉప్మానే పెట్టాను’ అనే వాక్యం ఎన్ని ఇళ్ళలో వినిపిస్తుందో! ఇడ్లీ రవ్వ బియ్యానిది, అది వేరు. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేది, ఎంత భక్తి ఉన్నా సీలియాక్ ఉన్నవారు కళ్ళకద్దుకుని పక్కన పెట్టవలసిందే. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేస్తూ ప్రసాదం మారిస్తే దోషమేమోనని పెద్దలు జంకితే, వ్రతకథలోనే గోధుమ లేనప్పుడు బియ్యపు పిండి వాడవచ్చని ఉందని గుర్తు చేయండి. వేయించిన బియ్యపు రవ్వ, బెల్లం, నెయ్యి, అరటిపండుతో అది కమ్మగానే కుదురుతుంది.

ఆత్రేయపురం పూతరేకు బియ్యపు పిండి రేకు, గోధుమ లేదు. ఉత్త పంచదారదో బెల్లానిదో కొనండి, రంగురంగుల కొత్త రకాలు వద్దు. హార్లిక్స్ వంటి మాల్టు పొడులు చల్లినవాటిలో గోధుమా బార్లీ రెండూ ఉంటాయి. జీడిపప్పు పడనివారికి డ్రైఫ్రూట్ రకాలు చుట్టిన చేతులతోనే చుట్టినవీ ప్రమాదమే.

మార్చక తప్పనివి

కాకినాడ గొట్టం కాజా, తాపేశ్వరం మడత కాజా జోలికి వెళ్ళకండి. మైదాలోని సాగుడే ఆ పొరలను నిలబెడుతుంది, బియ్యప్పిండితో చేసినది మరేదో అవుతుంది. బొబ్బట్టు కూడా చిరిగి ఏడిపిస్తుంది. అదే పూర్ణాన్ని బూరెలుగా వేయండి: ఒక వంతు మినపప్పు, రెండు వంతుల బియ్యం నానబెట్టి రుబ్బిన పైపిండి. కజ్జికాయల కొబ్బరి లౌజును బియ్యప్పిండి జిల్లేడుకాయల్లో పెట్టి ఆవిరి మీద ఉడికించండి. గవ్వలు మాత్రం కుదురుతాయి. గ్లాసు నీళ్ళలో ఉప్పు, చెంచా నెయ్యి వేసి తెర్లనిచ్చి, గ్లాసు బియ్యప్పిండి పోసి కలిపి, దించి పది నిమిషాలు మూత పెట్టండి. వేడి తగ్గకముందే మెదిపి, తడిగుడ్డ కప్పి కొంచెం కొంచెంగా తీసుకుని నొక్కండి. మందంగా ఉన్నా లోపల గాలి ఉన్నా నూనెలో పేలతాయి, మొదటి వాయి వేసి ఒక అడుగు వెనక్కి నిలబడండి.

పాలు పడనివారికి ‘ఆవుపాలు కాదు, మన గేదె పాలే’ అని పోయకండి, ఆవుపాల అలర్జీ ఉన్నవారిలో ఎక్కువమందికి గేదె పాలూ పడవు. నేతిలోనూ పాల మాంసకృత్తి జాడలు మిగులుతాయి. ఈ విషయంలో కోనసీమ వారు అదృష్టవంతులు, పెరట్లోనే బదులు ఉంది. పరమాన్నం, పాలతాలికలు బెల్లంతో ఉడికించి దించాక చిక్కటి కొబ్బరిపాలు కలపండి, పొయ్యి మీద మరిగిస్తే విరిగిపోతాయి. సున్నుండలకు కొబ్బరినూనె వేయవచ్చు, పుష్యమాసపు చలికి పేరుకుని ఉండ నిలుస్తుంది, రుచి మాత్రం కొబ్బరిదే.

వేరుశనగ పడనివారి పులిహోరలో శనగపప్పు, మినపప్పు ఎక్కువ వేయండి. జీడిపప్పు వేసే ముందు మళ్ళీ అడగండి. గానుగ పట్టిన వేరుశనగ నూనెలో ఆ మాంసకృత్తి ఉంటుంది, వద్దు. టిఫిను హోటలు కొబ్బరి చట్నీలో పల్లీలు కలవడం మామూలే.

రొయ్యలు పడనివారికి మన ఊళ్ళలో కూరగాయలే ఉచ్చు: చింతచిగురులో, వంకాయలో, బీరకాయలో రొయ్యో ఎండురొయ్యో పడకుండా ఉండదు. కొందరికి ఉడికే రొయ్యల ఆవిరి తగిలినా ఇబ్బందే. వారున్న పూట పెరట్లో పొయ్యి పెట్టి వండండి, లేదా వారు వెళ్ళాక వండుకోండి.

ముందే చూసుకోవలసిన దారి

గొంతు బిగుసుకోవడం, గొంతు మారడం, పిల్లికూతలు, ఆగని వాంతులు, కళ్ళు తిరగడం, వీటిలో ఏది వచ్చినా అది మాత్ర వేసి చూసే సమయం కాదు. అడ్రినలిన్ ఇంజెక్షన్ తొడ బయటి వైపు కండరంలో పడాలి. వైద్యుడు రాసిచ్చి వారి వెంట ఉంటే ఆలస్యం చేయకుండా వేయండి, లేకపోతే అది ఉన్న ఆసుపత్రికి చేర్చండి. 108కి ఫోను చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచండి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి, నడిపించకండి. తగ్గినట్టు కనిపించి కొన్ని గంటల తరువాత మళ్ళీ రావచ్చు, అందుకని అక్కడ కొంతసేపు ఉండవలసిందే. మీది లంక గ్రామమైతే చీకటి పడ్డాక ఏరు దాటించే పంటు నడుస్తుందో లేదో, పడవ వేయగలవారెవరో భోగికి ముందే కనుక్కోండి. పందేల బరుల దారుల్లో ఆ మూడు రోజులూ కార్లు కదలవు, రెండో దారి తెలిసి ఉండాలి. పండుగ రాత్రి ఏ ఆసుపత్రిలో వైద్యుడు ఉంటాడో కూడా.

వడ్డన దగ్గర ఒకే గరిటె అన్ని గిన్నెల్లో తిరుగుతుంది, అందుకే ఆ ఒక్కరికీ ముందు వడ్డించేయండి. పిల్లలకు అలర్జీ ఉంటే భోగిపళ్ళలో కలిపే చాక్లెట్లు తీసేయండి, రేగిపళ్ళూ చిల్లరా చాలు. మర్యాద కోసం కొసరి కొసరి పెట్టే అత్తయ్యలకు విషయం ముందు రోజే చెప్పాలి, విస్తరి ముందు చెబితే అది చర్చ అవుతుంది. తిరుగు ప్రయాణంలో ఇచ్చే డబ్బాల మీద పేరు రాసి కాగితం అంటించండి: ఏ వంట, ఏమేమి వేశారు, ఏ నూనె. ఆ డబ్బాను మిగతా సారె సంచిలో కాకుండా విడిగా కట్టండి, కాజాల పెట్టె మూత బస్సులో ఎప్పుడైనా ఊడవచ్చు.