కొత్త డెస్క్‌టాప్ వేశాక ఉబుంటు మొరాయిస్తే ఏం చేయాలి?

చిత్తూరు కట్టమంచిలో ఉండే మా పిన్ని కొడుకు ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, పాస్‌వర్డ్ కొడితే స్క్రీన్ నల్లగా అయ్యి మళ్లీ పాస్‌వర్డే అడగతా ఉండాది. విండోస్ ఏసేసేదా?" 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ వాడిది. విండోస్‌కు బదులు వాడుకునే ఉబుంటు లినక్స్ అందులో ఉంది. దాంతో వచ్చే గ్నోమ్ అనే డెస్క్‌టాప్ (తెర మీద కిటికీలూ మెనూలూ చూపించే ప్రోగ్రాము) బరువవుతోందని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ వేసుకున్నాడు. ఆలోచన మంచిదే. తిరుపతిలో కూర్చుని ఫోన్లోనే బాగుచేయించాను, మళ్లీ ఏదీ వేయకుండానే.

కమాండ్లను పలికే తీరులో రాస్తున్నాను. మీరు టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే.

వేసేటప్పుడు

ముందు 'సుడో ఆప్ట్ అప్‌డేట్', తర్వాత 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఎఫ్‌సీఈ4'. జుబుంటు-డెస్క్‌టాప్ అని పెద్ద ప్యాకేజీ కూడా ఉంది. థీములూ అప్లికేషన్లూ అన్నీ మోసుకొస్తుంది, తీసేయాలంటే తలనొప్పి. నేనైతే చిన్నదే వేయమంటాను.

లాక్ (ఒకసారికి ఒక్క ఇన్‌స్టాలే నడిచేలా వేసే తాళం) దొరకలేదని ఎర్రర్ వస్తే టెన్షన్ వద్దు. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుంటుంది. కాసేపు ఆగండి, లాక్ ఫైలును చెరిపేయకండి.

మధ్యలో జీడీఎం3 కావాలా, లైట్‌డీఎం కావాలా అని అడగవచ్చు. లాగిన్ స్క్రీన్ చూపించే ప్రోగ్రాములు అవి. పాత మెషీన్‌కు లైట్‌డీఎం తేలిక.

అంతా అయ్యాక రీస్టార్ట్ చేసినా పాత గ్నోమే వచ్చిందా? జీడీఎంలో మీ పేరు మీద నొక్కాక కింద కుడి మూలన పళ్లచక్రం గుర్తు కనిపిస్తుంది. అక్కడ ఎక్స్‌ఎఫ్‌సీఈ సెషన్ ఎంచుకోవాలి. చాలామంది చూడనిది ఇదే.

పాస్‌వర్డ్ దగ్గరే తిరుగుతుంటే

పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది. ఏమీ చెప్పకుండా వెనక్కి పంపిందంటే పాస్‌వర్డ్ సరైనదే, డెస్క్‌టాప్ మొదలవబోయి పడిపోతోంది.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. నల్ల తెర మీద లాగిన్ అని అడుగుతుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ కొడుతుంటే ఇక్కడ చుక్కలు కూడా పడవు. మావాడు కీబోర్డు పోయిందనుకున్నాడు.

ఇప్పుడు 'డీఎఫ్', ఖాళీ, 'హైఫన్ హెచ్' కొట్టండి. చివరి గడిలో ఒక్క స్లాష్ మాత్రమే ఉన్న వరుస చూడండి. మావాడు విండోస్ పక్కన ఉబుంటుకు 20 జీబీ ఇచ్చాడు, అక్కడ 100 శాతం అని ఉంది. డెస్క్‌టాప్ మొదలవ్వాలంటే కొన్ని చిన్న ఫైళ్లు రాసుకోవాలి. చోటు లేకపోతే రాయలేదు, పడిపోతుంది.

'సుడో ఆప్ట్ క్లీన్' కొట్టించాను. డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న ప్యాకేజీ ఫైళ్లే పోతాయి, ఇన్‌స్టాల్ అయినవి అలాగే ఉంటాయి. తర్వాత 'సుడో రీబూట్'. వచ్చేసింది.

చోటు ఉండి కూడా తిరుగుతుంటే, మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఎక్స్‌అథారిటీ అనే దాక్కున్న ఫైలు ఉంటుంది. 'ఎల్ఎస్ హైఫన్ ఎల్' పక్కన దాని పేరు రాసి చూడండి. మీ పేరు ఉండాల్సిన చోట రూట్ (సిస్టమ్ అడ్మిన్ ఖాతా) అని ఉంటే, 'ఎంవీ' కమాండ్‌తో ఆ ఫైలు పేరు మార్చేయండి. లాగిన్ అయ్యేటప్పుడు కొత్తది తయారవుతుంది.

అదీ కాకపోతే 'సుడో యాడ్‌యూజర్' తో ఇంకో యూజర్‌ను చేసి, ఆ పేరుతో లాగిన్ అవ్వండి. వెళ్లిందంటే లోపం మీ సెట్టింగుల్లో ఉంది: మీ హోమ్‌లో దాక్కున్న డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ఫోల్డర్ పేరు మార్చండి. వెళ్లలేదంటే సిస్టమ్‌లోనే ఏదో సగంలో ఆగింది. బైరాగిపట్టెడలో ఉన్నప్పుడు నాకూ అలాగే అయింది: ఎండాకాలం, బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్, ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయింది. 'సుడో డీపీకేజీ', ఖాళీ, రెండు హైఫన్లతో 'కాన్ఫిగర్', మళ్లీ ఖాళీ, 'హైఫన్ ఏ' కొడితే ఆగినచోటి నుంచి పూర్తి చేస్తుంది.

లోపలికి వెళ్లాక

వైఫై గుర్తు కనిపించకపోతే టెర్మినల్లో 'ఎన్ఎంటీయూఐ' అని కొట్టి నెట్ కలపండి. తర్వాత నెట్‌వర్క్-మేనేజర్-గ్నోమ్ ప్యాకేజీ వేసుకోండి. తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్స్-తెలు ప్యాకేజీ వేయాలి. తెలుగు టైపింగ్ పనిచేయకపోతే, దాన్ని నడిపే ఐబస్ అనే ప్రోగ్రాము తనంతట మొదలవడం లేదేమో చూడండి. సెషన్ అండ్ స్టార్టప్ సెట్టింగుల్లో ఐబస్-డీమన్‌ను చేర్చండి.

చోటు కోసం గ్నోమ్‌ను వెంటనే పీకేయకండి, ఒక వారం రెండూ ఉంచండి. ఆ తర్వాత తీసేటప్పుడు కూడా, వై నొక్కేముందు అది చూపించే, తీసేయబోయే ప్యాకేజీల జాబితా మొత్తం చదవండి. అందులో నెట్ కలిపే నెట్‌వర్క్-మేనేజర్ పేరు కనిపిస్తే ఎన్ నొక్కేయండి.