బోటు అడుగు నీళ్లు తోడే పంపు ఆగిపోయిందా, కొత్తది కొనే ముందు ఇవి చూడండి

మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ బోట్లకి ఉండే 12 వోల్టుల పంపు ఆగిపోగానే చాలామంది పంపే పోయిందనుకుంటారు, నేనూ అలాగే ఒకసారి కొత్తది కొనేసి డబ్బులు తగలేశా, తీరా చూస్తే ఫ్యూజ్ హోల్డర్‌లో పచ్చగా చిలుం పట్టి ఉంది, అంతే.

ముందు స్విచ్ వేసి వినండి. మోటార్ సౌండ్ వస్తోంది కానీ నీళ్లు రావట్లేదంటే కింద జాలీ ఊడదీయండి, వల దారం ముక్కలు, చేప పొలుసులు ఇంపెల్లర్‌కి (నీళ్లు నెట్టే చిన్న రెక్కల చక్రం) చుట్టుకుని ఉంటాయి, బ్యాటరీ వైరు పీకేశాకే వేళ్లతో మెల్లగా లాగండి (వేళ్లు ఉండాలి కదా). అది శుభ్రంగానే ఉంటే పైపు మడత పడిందేమో చూడండి, ప్లస్ మైనస్ తారుమారైనా కొన్ని మోటార్లు రివర్స్‌లో తిరుగుతాయి, నీళ్లు సరిగా ఎక్కవు.

సౌండే లేదా? ఫ్యూజ్ చూసి, స్విచ్ ఆన్‌లో ఉండగానే వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పంపు వైర్ల దగ్గర పెట్టండి. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉండి ఇక్కడ 10 చూపిస్తే తప్పు పంపుది కాదు, మధ్యలో జాయింట్లది. ఉప్పు గాలికి రాగి నల్లబడిపోతుంది, ఉత్త టేపు చుట్టడం దండగ, తగరం పూత ఉన్న రాగి వైరు వేసి లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగండి. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్దది మాత్రం వేయొద్దు, మోటార్ జామ్ అయితే వైరే కాలిపోతుంది.

నీళ్లు పెరిగితే తేలి పంపుని ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్ ఉంటే, దాన్ని చేత్తో పైకెత్తితే పంపు తిరగాలి. తుఫాను హెచ్చరికకి బోటు కట్టేసి ఇంటికెళ్లే ముందు అడుగులో రెండు బకెట్ల నీళ్లు పోసి అదే ఆన్ అయ్యి అదే ఆగుతోందా లేదా చూసుకుని కదలండి.