కమాండ్ లైన్ మెయిల్‌లో పంపినవారి చిరునామా తప్పుగా వస్తోందా? సరిచేయడం ఇలా

స్క్రిప్టు నుంచి మెయిల్ వెళ్లింది, అందింది కూడా. తీరా తెరిచి చూస్తే పంపినవారి స్థానంలో మీరు ఇచ్చిన చిరునామా లేదు. 'రూట్' (నిర్వాహకుల ఖాతా) అనో, సర్వర్ పేరు తోకగా తగిలించుకున్న యూజర్ పేరో ఉంది. కనబడిన ఆప్షన్లన్నీ వరసగా తగిలించి చూస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి, ఎందుకంటే ప్రతి మెయిల్‌కూ పంపినవారి చిరునామాలు రెండు ఉంటాయి.

ఉత్తరం లోపల రాసే చిరునామా ఒకటి, కవరు మీద రాసేది ఇంకొకటి అనుకోండి. చదివేవారికి కనిపించేది లోపలిది, అంటే ఫ్రమ్ హెడర్ (మెయిల్ పైభాగంలో వివరాలుండే వరసల్లో ఒకటి). సర్వర్లు ఒకదానికొకటి చెప్పుకునేది కవరు చిరునామా. చేరవలసిన చోటికి చేరని మెయిల్ గురించిన సమాచారం వచ్చేది దీనికే. రెండూ ఒకటే కావాలన్న నియమం ఏమీ లేదు.

1. ముందు అందిన మెయిల్‌ను చూడండి

మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని దాని పూర్తి హెడర్లు తెరవండి. రిటర్న్-పాత్ అన్న వరసలో ఉండేది కవరు చిరునామా. ఫ్రమ్ వరసలోది పైకి కనిపించేది. ఏది తప్పిందో కాగితం మీద రాసుకోండి. ఇక్కడి నుంచి వేసే ప్రతి అడుగూ దాని మీదే ఆధారపడుతుంది.

2. మీ దగ్గర ఉన్నది ఏ 'మెయిల్'?

కమాండ్ పేరు ఒకటే అయినా వెనుక ఉన్న ప్రోగ్రామ్ బీఎస్‌డీ మెయిల్‌ఎక్స్ కావచ్చు, గ్నూ మెయిల్‌యుటిల్స్ కావచ్చు, ఎస్-నెయిల్ కావచ్చు. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌లలో మెయిల్ అన్న పేరు ఒక లింకు మాత్రమే. 'రీడ్‌లింక్ -ఎఫ్' కమాండ్‌కు ఆ ఫైలు ఉన్న దారిని ఇస్తే అసలు ప్రోగ్రామ్ ఏదో బయటపడుతుంది.

ఇది ఎందుకంత ముఖ్యమో '-ఏ' ఆప్షన్ చూస్తే తెలుస్తుంది. మెయిల్‌యుటిల్స్‌లోనూ డెబియన్ వారి బీఎస్‌డీ మెయిల్‌ఎక్స్‌లోనూ చిన్న ఏ అక్షరం కొత్త హెడర్‌ను జోడిస్తుంది. అదే అక్షరం ఎస్-నెయిల్‌లోనూ మట్ అనే మరో మెయిల్ ప్రోగ్రామ్‌లోనూ ఫైలును జతచేస్తుంది. ఎక్కడో చూసిన ఫ్రమ్ హెడర్ వరసను '-ఏ'తో ఎస్-నెయిల్‌కు ఇస్తే, ఆ పేరుతో ఫైలు లేదని అది మొరాయిస్తుంది. దాని తప్పేమీ లేదు, మనం అడిగిందే వేరు.

3. '-ఆర్' ఇచ్చి చూడండి

పైన చెప్పిన మూడింటిలోనూ మొదట ప్రయత్నించదగినది చిన్న ఆర్ అక్షరం:

మెయిల్ -ఎస్ "పరీక్ష" -ఆర్ రిపోర్ట్స్@ఎగ్జాంపుల్.కామ్ గ్రహీత@ఎగ్జాంపుల్.కామ్

('-ఎస్' తర్వాతిది మెయిల్ విషయం. టైపు చేసేటప్పుడు ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలే. చిన్న, పెద్ద అక్షరాలకు అర్థం మారుతుంది.)

చిరునామాతో పాటు పేరు కూడా కావాలంటే కోణపు బ్రాకెట్లు వస్తాయి, గొడవ అక్కడ మొదలవుతుంది. కొటేషన్ గుర్తులు పెట్టకపోతే '<' గుర్తును షెల్ (మీరు కొట్టిన కమాండ్‌ను చదివి నడిపే ప్రోగ్రామ్) తన కోసమే అనుకుంటుంది. బ్రాకెట్‌లోని చిరునామా పేరుతో ఉన్న ఫైలును చదవబోయి, అలాంటి ఫైలు లేదంటుంది. మెయిల్ ప్రోగ్రామ్ అసలు మొదలే కాదు. పేరు, చిరునామా మొత్తాన్ని ఒకే జత కొటేషన్లలో పెట్టండి.

మట్ వాడేవారికి దారి వేరు: సెట్టింగ్‌ల ఫైలులో 'ఫ్రమ్' విలువతో పాటు 'యూజ్_ఎన్వలప్_ఫ్రమ్'ను కూడా ఆన్ చేయాలి. మొదటిది మాత్రమే మారిస్తే కవరు చిరునామా పాతదే ఉండిపోవచ్చు.

4. సెండ్‌మెయిల్‌కు నేరుగా ఇస్తుంటే

సెండ్‌మెయిల్ అంటే మెయిల్‌ను సర్వర్‌కు అప్పగించే కమాండ్. దానిలో '-ఎఫ్' మార్చేది కవరు చిరునామాను మాత్రమే. మెయిల్‌లో మీరు ముందే ఫ్రమ్ హెడర్ రాసి ఉంటే దాన్ని ముట్టుకోదు. కనుక రెండూ విడివిడిగా ఇవ్వాలి: కవరుకు '-ఎఫ్', లోపలికి ఫ్రమ్ వరస. గ్రహీతలను హెడర్ల నుంచే తీసుకోమనడానికి '-టీ'.

5. సరిగ్గానే పంపినా దారిలో మారుతోందా?

ముందుగా సర్వర్ లాగ్ (జరిగిన పనుల చిట్టా) చూడండి. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ లాగ్‌లో 'ఫ్రమ్=' పక్కన ఉండేది కవరు చిరునామా. అక్కడ సరిగ్గా ఉండి, గ్రహీత దగ్గర మారిందంటే మీ ఆప్షన్ బాగానే పనిచేసింది. వెతకాల్సింది తర్వాతి దశలో. పోస్ట్‌ఫిక్స్‌లోని జెనెరిక్ మ్యాప్‌లు బయటికి వెళ్లే చిరునామాలను తిరగరాస్తాయి. జీమెయిల్ ద్వారా పంపితే, ఆ ఖాతాలో ముందుగా నమోదు చేయని చిరునామాను ఫ్రమ్‌లో పెట్టినా, అది తన ఖాతా చిరునామాతో మార్చేస్తుంది. కొన్ని సర్వర్లు మార్చకుండా 553 కోడ్‌తో తిప్పికొడతాయి. లాగిన్ అయిన ఖాతాకు ఆ చిరునామా వాడే హక్కు లేదన్నమాట.

6. చేత్తో కొడితే సరే, క్రాన్ నుంచి మాత్రం తప్పు

క్రాన్ అంటే నిర్ణీత సమయాలకు కమాండ్లను తనంతట తానే నడిపేది. మీరు సెట్టింగ్‌లు రాసిన ఫైలు మీ హోమ్ ఫోల్డర్‌లో ఉంది. క్రాన్ పని రూట్ పేరుతో నడుస్తుంటే అది రూట్ ఫోల్డర్‌లో వెతుకుతుంది. చిరునామాను స్క్రిప్టులోనే ఆప్షన్‌గా రాసేయండి.

7. చిరునామా సరిగ్గా ఉన్నా స్పామ్‌లో పడుతుంటే

ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ పేరుతో పంపే అనుమతి సర్వర్‌కు ఉందా అనే) తనిఖీ కవరు చిరునామాలోని డొమైన్ మీద జరుగుతుంది. డీమార్క్ అనే మరో తనిఖీ మాత్రం ఫ్రమ్‌లో కనిపించే డొమైన్‌ను పట్టుకుని, ఎస్‌పీఎఫ్‌లో లేదా డీకిమ్ (మెయిల్‌లోని డిజిటల్ సంతకం తనిఖీ)లో నెగ్గిన డొమైన్ దానితో కలుస్తుందా అని చూస్తుంది. మీ సర్వర్‌కు అనుమతి లేని డొమైన్‌ను ఫ్రమ్‌లో పెట్టినప్పుడు ఆప్షన్లు మార్చి ప్రయోజనం లేదు. డొమైన్ నిర్వాహకుల చేత డీఎన్‌ఎస్ (డొమైన్ వివరాలుండే పట్టిక) రికార్డులో మీ సర్వర్‌ను చేర్పించాలి, లేదా ఆ డొమైన్ సొంత సర్వర్ ద్వారానే మెయిల్ పంపాలి.